పే స్లిప్‌లో కోత ఉంది, పాస్‌బుక్‌లో నాలుగు నెలలు లేవు

ప్రశ్న: సంగారెడ్డి జిల్లాలో ఒక మందుల ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేస్తున్నాను. బేసిక్, డీఏ కలిపి 14,000 రూపాయలు. నెలనెలా పీఎఫ్ కింద 1,680 కట్ అవుతోంది. మొన్న మా తమ్ముడు నా ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూపించాడు. ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలలు అసలు లేవు. జూన్‌ది మాత్రం ఉంది. కంపెనీ కూడా నాతో సమానంగా వేస్తుందని చెప్పారు, కానీ వాళ్ల వైపు 514 రూపాయలే కనిపిస్తోంది. ఇంతకుముందు హైదరాబాద్‌లో ఆరేళ్ల రెండు నెలలు పనిచేసిన కంపెనీ ఖాతా వేరుగా ఉంది. ఇక్కడ చేరి మూడేళ్ల నెల అయింది. ఆఫీసులో అడిగితే ‘సర్వర్ ప్రాబ్లం, వచ్చేస్తుందిలే’ అంటున్నారు. ఫోన్‌లో కనిపించేది నమ్మొచ్చా? నా డబ్బు పోయినట్టేనా? – ఒక పాఠకురాలు

జవాబు: నమ్మొచ్చమ్మా. పే స్లిప్ కన్నా దాన్నే నమ్మాలి. మీ జీతంలోంచి ఇంత తీశామని కంపెనీ చెప్పే మాట పే స్లిప్. తీసినది ప్రభుత్వం దగ్గర మీ పేరు మీద పడిందో లేదో చెప్పేది పాస్‌బుక్. ఈ రెండూ నెలనెలా ఒకదానితో ఒకటి సరిపోవాలి. మీకు నాలుగు నెలలు సరిపోలేదు కాబట్టి సర్వర్ మాట పక్కన పెట్టండి. సర్వర్ నెమ్మదిస్తే చివరి నెల ఆలస్యంగా కనిపిస్తుంది. జూన్ కనిపిస్తూ మధ్యలో ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే మాత్రమే మాయమవడం సాధారణంగా సర్వర్ వల్ల జరగదు. అలాగని డబ్బు పోయినట్టూ కాదు. ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోవాలి. అది కూడా మీ ఫోన్‌లోనే తేలుతుంది.

ముందు ఆ 514 సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ అనుమానం నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందికి ఉంది. కంపెనీ వేయాల్సింది నిజంగానే 12 శాతం, అంటే మీతో సమానంగా 1,680. అయితే అది రెండు చోట్లకు వెళ్తుంది. 8.33 శాతం ఉద్యోగుల పెన్షన్ పథకానికి పోతుంది. మీ 14,000 మీద అది 1,166. మిగిలిన 514 మీ పీఎఫ్‌లో పడుతుంది. పాస్‌బుక్‌లో మీ వాటా, కంపెనీ వాటా, పెన్షన్ వాటా అని మూడు గడులు ఉంటాయి. 1,680, 514, 1,166 అని మూడూ పడితే ఆ నెల లెక్క సరిగ్గా ఉన్నట్టే. జీతం 15,000 దాటినవాళ్లకు పెన్షన్ వాటా 1,250 దగ్గర ఆగుతుంది, పైన మిగిలేది పీఎఫ్‌కు వస్తుంది. 2014 సెప్టెంబర్ నుంచి ఆ పరిమితి 15,000 మీదే ఉంది. కాబట్టి ఈ విషయంలో మీ కంపెనీ మిమ్మల్ని మోసం చేయలేదు.

ఇక నాలుగు నెలల సంగతి. పాస్‌బుక్ మళ్లీ తెరవండి, ఈసారి మీరే తెరవండి. ప్రభుత్వ సేవల యాప్ ఉమంగ్‌లో ఈపీఎఫ్ఓ (పీఎఫ్ నడిపే ప్రభుత్వ సంస్థ) అని వెతికి, పాస్‌బుక్ చూసే చోట మీ 12 అంకెల యూఏఎన్ (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు) కొడితే, ఆ యూఏఎన్‌కు జతయిన మొబైల్‌కు ఓటీపీ వస్తుంది. ఆ తర్వాత మీ రెండు కంపెనీల మెంబర్ ఐడీలు, అంటే ఒక్కో కంపెనీలోని పీఎఫ్ ఖాతా నంబర్లు, విడివిడిగా కనిపిస్తాయి. ఇప్పటి కంపెనీది ఎంచుకుని పీడీఎఫ్‌గా దించుకోండి. స్క్రీన్ మీద చూసి వదిలేయొద్దు, ఆ కాగితంతో రేపు పని ఉంది.

చదివేటప్పుడు ఒక చోట జాగ్రత్త. ప్రతి వరుసలో జీతం నెల ఒకటి ఉంటుంది, పక్కన వివరాల్లో ‘డ్యూ మంత్’ అని ఇంకో నెల ఉంటుంది. మార్చి జీతం మీద పీఎఫ్‌ను కంపెనీ ఏప్రిల్ 15లోపు కట్టాలి, అందుకే మార్చి జీతానికి డ్యూ మంత్ ఏప్రిల్ అని పడుతుంది. ఈ రెండూ కలగాపులగమై, ఉన్న నెల లేదనుకుని గాభరా పడినవాళ్లను చూశాను. మీరు జీతం నెల గడినే పట్టుకుని, పే స్లిప్పులు పక్కన పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో వరుస చూడండి. ఆ నాలుగు నెలల్లో ఏదైనా నెల మీరు జీతం లేని సెలవులో ఉన్నారా? ఉంటే ఆ నెల వరుసలో సున్నా పడటం సహజమే. లేకపోతే ముందుకు వెళ్దాం.

ఇప్పుడు అసలు పరీక్ష. ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరుతో వెతికే సదుపాయం ఒకటి ఉంది, ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అంటారు. దీని గురించి చాలామందికి తెలియదు. ఫోన్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. మీ కంపెనీ పేరో, పే స్లిప్ మీదున్న పీఎఫ్ కోడ్ నంబరో ఇచ్చి, చెల్లింపుల వివరాలు నొక్కితే ఆ కంపెనీ ఏ నెల జీతాలకు, ఏ తేదీన, ఎంత మొత్తం, ఎంతమంది ఉద్యోగుల తరఫున కట్టిందో వరుసగా కనిపిస్తుంది. అక్కడ ఫిబ్రవరి నుంచి మే వరకు వెతకండి.

రెండింటిలో ఒకటి కనిపిస్తుంది. ఆ నెలలకు చెల్లింపే లేకపోతే మీ ఒక్కరిదే కాదు, మీ యూనిట్‌లో అందరి పీఎఫ్ ఆగినట్టు. చెల్లింపు ఉండి మీ పాస్‌బుక్‌లో మాత్రం లేకపోతే, కంపెనీ పంపిన జాబితాలో మీ పేరు జారిపోయిందన్నమాట. ఆధార్‌లో పేరు, పీఎఫ్‌లో పేరు ఒక అక్షరం తేడాగా ఉండటమో, మీకు పొరపాటున రెండో యూఏఎన్ పుట్టడమో, గుమాస్తా మీ వరుస వదిలేయడమో కారణం కావచ్చు. ఉద్యోగుల సంఖ్య జనవరి కన్నా ఫిబ్రవరిలో ఒక్కసారిగా తగ్గిందేమో కూడా గమనించండి. ఈ తేడా తెలియకుండా ఆఫీసుకు వెళ్తే మళ్లీ సర్వర్ కథే వింటారు. తెలిసి వెళ్తే వాళ్ల మాట తీరే మారిపోతుంది.

మొత్తం ఎంతో కూడా రాసుకుని వెళ్లండి. నెలకు 1,680, 514, 1,166 కలిపితే 3,360. నాలుగు నెలలకు 13,440. అందులో 6,720 మీ చేతికి రావాల్సిన జీతంలోంచి తీసింది. దాన్ని తీసుకుని కట్టకపోతే ఆలస్యం అనే పేరుతో తప్పించుకోవడానికి లేదు. ఉద్యోగి వాటా కోసి జమ చేయకపోవడాన్ని చట్టం నమ్మకద్రోహ నేరంగా చూస్తుంది. ఆలస్యానికి వడ్డీ, జరిమానా కూడా కంపెనీ తన జేబులోంచే కట్టాలి.

ఆఫీసులో నోటి మాటగా అడగొద్దు. హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టండి, ఈమెయిల్ లేకపోతే రాసిచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. ‘ఫలానా నాలుగు నెలల పీఎఫ్ నా పాస్‌బుక్‌లో లేదు. పే స్లిప్పులు, పాస్‌బుక్ జతచేశాను. ఆ నెలల చలానా టీఆర్ఆర్ఎన్ నంబరు దయచేసి ఇవ్వండి’ అని మూడు వాక్యాలు చాలు. ఆ టీఆర్ఆర్ఎన్ అడగడమే కీలకం. కంపెనీ తయారుచేసే ప్రతి పీఎఫ్ చలానాకు ఆ నంబరు ఉంటుంది, అది చేతిలో ఉంటే ఆ చలానా నిజంగా కట్టారో లేదో ఈపీఎఫ్ఓ దగ్గర సరిచూడొచ్చు. పదిహేను రోజులు గడువు పెట్టండి.

జవాబు రాకపోతే ఈపీఎఫ్ఐజీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్ ఉంది, ఉమంగ్‌లోంచి కూడా వెళ్లొచ్చు. పీఎఫ్ మెంబర్ అని ఎంచుకుని, యూఏఎన్ ఇచ్చి, ఓటీపీ కొట్టి, పే స్లిప్పులు, పాస్‌బుక్, మీరు రాసిన ఉత్తరం పీడీఎఫ్‌గా ఎక్కించాలి. వచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు దాచుకోండి. ఫోన్‌లో మాట్లాడాలంటే 14470. ప్రతి నెలా 27న ఈపీఎఫ్ఓ వాళ్లు జిల్లాల్లో ‘నిధి ఆప్కే నికట్’ పేరుతో ఒక చోట కూర్చుని సమస్యలు వింటారు, అక్కడికి నేరుగా వెళ్లొచ్చు.

ఫిర్యాదు పెడితే ఉద్యోగం పోతుందేమోనని భయం ఉంటుంది. మీరు రాయలేదు గానీ, ఉండే ఉంటుంది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే ముందు మీ పక్కన కూర్చుని పనిచేసేవాళ్ల పాస్‌బుక్‌లు కూడా చూడమనండి. పదిమందికీ అవే నెలలు లేకపోతే పదిమందీ కలిసి ఒకే ఉత్తరం ఇవ్వండి. ఒక్క మనిషి అడిగితే గొడవ అంటారు, పదిమంది అడిగితే లెక్క చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు మీరు పక్కన పెట్టేసిన పాత ఖాతా దగ్గరకు వస్తాను. నాకైతే నాలుగు నెలల కన్నా అదే ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తోంది. పాత కంపెనీలో 6 ఏళ్ల 2 నెలలు, ఇక్కడ 3 ఏళ్ల 1 నెల, కలిపితే 9 ఏళ్ల 3 నెలలు. నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఆరు నెలలు, ఆపైన ఉన్న ముక్కను ఏడాదిగా లెక్కేస్తారు కాబట్టి తొమ్మిదిన్నర ఏళ్లు చేరితే పదేళ్ల కింద వస్తుంది. అంటే మీరు గడప దగ్గర ఉన్నారు. పాత సర్వీసు ఇక్కడికి కలవకపోతే మీ లెక్క మూడేళ్ల దగ్గరే నిలిచిపోతుంది. అక్కడి డబ్బు తీసేసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పెన్షన్ వాటా కూడా తీసుకుంటే ఆ ఆరేళ్ల సర్వీసు చేజారుతుంది. కనిపించకుండా పోయిన నాలుగు నెలలు కూడా ఈ లెక్కలో భాగమే. కంపెనీ చేసిన తప్పుకు మీ పెన్షన్ తగ్గకూడదన్నది న్యాయమే కానీ, రికార్డులో లేని నెలను పదిహేనేళ్ల తర్వాత నిరూపించడం ఎంత కష్టమో నేను దగ్గరుండి చూశాను. పే స్లిప్ చేతిలో ఉన్న ఇప్పుడే సరిచేయించుకోవాలి.

పాత ఖాతా బదిలీకి దరఖాస్తు మెంబర్ పోర్టల్‌లో, అంటే ఉద్యోగుల కోసం ఈపీఎఫ్ఓ పెట్టిన వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు. రెండు ఖాతాలూ ఆధార్‌తో ముడిపడిన ఒకే యూఏఎన్ కింద ఉంటే, 2025 జనవరి నుంచి చాలా సందర్భాల్లో కంపెనీ ఆమోదం లేకుండానే బదిలీ అవుతోంది. ముందుగా అందులో సర్వీస్ హిస్టరీ (ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశారో చూపేది) తెరిచి పాత కంపెనీ ‘మానేసిన తేదీ’ పడిందో లేదో చూడండి. అది ఖాళీగా ఉంటే బదిలీ ముందుకు సాగదు. చివరి చందా (నెలనెలా జమయ్యే పీఎఫ్ మొత్తం) పడి రెండు నెలలు దాటితే ఆ తేదీని ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు.

బదిలీ అయ్యాక ఒకటి చూసి కంగారు పడతారని ముందే చెబుతున్నాను. పాత పీఎఫ్ మొత్తం వడ్డీతో సహా కొత్త పాస్‌బుక్‌లోకి వస్తుంది, పెన్షన్ గడిలో మాత్రం సున్నా ఉంటుంది. అది పోయినట్టు కాదు. పెన్షన్ విషయంలో బదిలీ అయ్యేది డబ్బు కాదు, సర్వీసు. ఆ గడిలోని మొత్తానికి వడ్డీ కూడా కలవదు. చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే వచ్చేదే నెల పెన్షన్. కాబట్టి అక్కడ రూపాయలు వెతక్కుండా సర్వీస్ హిస్టరీలో తేదీలు చూసుకోండి.

వడ్డీ గురించీ రెండు ముక్కలు. 2024-25కు 8.25 శాతం ఇచ్చారు. వడ్డీని నెలవారీ నిల్వ మీద లెక్కగట్టి, ఏడాది చివర ఒకేసారి వేస్తారు. ఏప్రిల్‌లో కనిపించకపోతే నష్టమేమీ లేదు.

మీ తమ్ముడు ప్రతి నెలా దగ్గర ఉండడు కాబట్టి ఇంకో చిన్న అలవాటు చెబుతాను. యూఏఎన్‌కు జతయిన మొబైల్ నుంచి 99660 44425కు మిస్డ్ కాల్ ఇవ్వండి. రెండు రింగులకు దానంతటదే కట్ అయి, చివరి చందా, నిల్వ ఎంతో మెసేజ్ వస్తుంది. తెలుగులో కావాలంటే ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఈ-పీ-ఎఫ్-ఓ-హెచ్-ఓ అని కొట్టి, ఖాళీ వదిలి యూ-ఏ-ఎన్ అని, మళ్లీ ఖాళీ వదిలి టీ-ఈ-ఎల్ అని రాసి 77382 99899కు పంపండి. యూఏఎన్ యాక్టివేట్ అయి, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాల్లో ఏదో ఒకటి జతయి ఉండాలి. దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

రెండేళ్ల కిందట ఒక సెక్యూరిటీ గార్డు నా దగ్గరకు వచ్చాడు, బటన్ల ఫోన్ పట్టుకుని. నా బల్ల దగ్గర నిలబడే ఆ నంబరుకు చేశాడు. రెండు రింగులు, కట్, కాసేపటికి ఫోన్ కుయ్‌మంది. ‘మీరే చదవండి సార్’ అని చేతికిచ్చాడు. చివరి చందా అతను అనుకున్న నెలకు పద్నాలుగు నెలల వెనక ఆగిపోయి ఉంది. ఆ ఏజెన్సీ అప్పటికే మూతపడింది. పే స్లిప్పులు అతను ఎప్పుడూ దాచుకోలేదు. ఆరు నెలలు తిరిగాక కొంత వచ్చింది, మొత్తం రాలేదు. ఆ మిస్డ్ కాల్ రెండో నెలలోనే చేసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే చెబుతున్నా, ప్రతి నెలా 20వ తేదీ ప్రాంతంలో ఒక మిస్డ్ కాల్, మూడు నెలలకోసారి పాస్‌బుక్. మిస్డ్ కాల్‌తో చివరి నెలే తెలుస్తుంది, మధ్యలో జారిపోయిన నెల తెలియదు. మీ విషయంలో జూన్ చందా చూసి అంతా బాగుందనుకునేవాళ్లు.

ఈ సోమవారం ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ చూసి, ఆ నాలుగు నెలలకు కంపెనీ చెల్లింపు ఉందో లేదో నాకు రాయండి. దాన్ని బట్టి ఫిర్యాదులో ఏ మాట రాయాలో చెబుతాను. ఈసారి రాసేటప్పుడు ఫొటో పంపకండి. మొన్న ప్రశ్నతో పాటు మీరు పంపిన ఫొటోలో మీ యూఏఎన్, ఆధార్ అంకెలు రెండూ కనిపిస్తున్నాయి. నా దగ్గరున్నది తొలగించాను. ఆఫీసు గ్రూపులోనో, నెట్ సెంటర్‌లోనో అదే ఫొటో ఇచ్చి ఉంటే అక్కడ కూడా తీయించండి, మీ పీఎఫ్ పోర్టల్ పాస్‌వర్డ్ ఈరోజే మార్చుకోండి.