ఇది ఈత చెట్టేనా?

ప్రశ్న: మిర్యాలగూడలో కొన్న ఇంటి పెరట్లో ఈత చెట్టులాంటిది ఒకటి ఉంది. నడుమెత్తు కూడా లేదు, పెరుగుతున్నట్టే అనిపించదు. రోజూ నీళ్లు పోస్తున్నా కొత్త ఆకులు పసుపు పచ్చగా వస్తున్నాయి. ఇది ఈతా, ఖర్జూరమా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు పంపిన ఫొటో చూస్తే రెండూ కాదమ్మా, అది సైకస్. నర్సరీల్లో సాగో పామ్ అని అమ్ముతారు గానీ తాటి, ఈతల కుటుంబానికీ దీనికీ సంబంధమే లేదు, పైన్ చెట్లకు దూరపు చుట్టం. ఈతకు లేత మట్ట ఈటెలా ఒక్కొక్కటిగా పైకి లేస్తుంది, సైకస్‌కు మాత్రం కొత్త ఆకులన్నీ ఒకేసారి, రెబ్బలు చుట్టలు చుట్టుకుని మొవ్వులోంచి వస్తాయి. నిదానంగా పెరగడం దాని గుణం, టెన్షన్ పడకండి.

ముందు ఆ రోజువారీ నీళ్లు ఆపండి. పైమట్టి బాగా ఆరాకే పోయాలి, మీది నల్లరేగడి అయితే ఇంకా జాగ్రత్త, చెట్టు మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. కొత్త ఆకులే పసుపెక్కుతున్నాయంటే చాలావరకు మాంగనీస్ లోపం, సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. మాంగనీస్ సల్ఫేట్ లీటరు నీళ్లకు 2 గ్రాములు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఇప్పుడున్న ఆకులు మళ్లీ పచ్చబడవు, తర్వాత వచ్చేవి చూడాలి. పసుపెక్కిన ఆకులను పూర్తిగా ఎండేదాకా కోయకండి.

మీరు అడగలేదు గానీ, ఇంట్లో కుక్క ఉందా? చెట్టంతా విషమే, గింజలైతే మరీ, కుక్క తింటే కాలేయం దెబ్బతింటుంది. కొరికినట్టు అనుమానం వచ్చినా వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. చిన్న పిల్లలనూ దగ్గరికి పోనీయకండి.