వాన, మట్టి, కరెంటు: సీమ పాఠకుల ప్రశ్నలు

(ఈ నెల వాతావరణ మార్పు మీద వచ్చిన ఉత్తరాలకు, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరై అనంతపురంలో ఉంటున్న మన శీర్షిక రచయిత్రి జవాబులు.)

ప్రశ్న: అక్కా, మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. ఐదెకరాల ఎర్రనేల, బోరు లేదు. ఏటా సెనక్కాయే వేస్తాం. ఈసారి వానల కోసం చూడకుండా, మే నెలలోనే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లమని చెప్తున్నారు. నిప్పులాంటి నేలలో విత్తనం చల్లితే చీమల పాలు కాదా? అసలు దీనికీ వాతావరణ మార్పుకూ సంబంధం ఏంది?
– ఒక యువరైతు

జవాబు: తమ్ముడూ, చీమల భయం నిజమైందే. వట్టి విత్తనం చల్లితే నువ్వన్నట్టే అవుతుంది. అందుకే గుళికలు కట్టి చల్లమంటారు. విత్తనాన్ని బీజామృతంతో (ఆవు పేడ, మూత్రంతో చేసే విత్తన శుద్ధి ద్రావణం) తడిపి, మెత్తటి బంకమట్టి పొడి, ఘనజీవామృతం (పేడతో చేసే ఎండు ఎరువు) పొడి, బూడిద ఒకదాని మీద ఒకటి పట్టించి, నీడలో ఆరబెడతారు. ఆ పూత ఉన్న విత్తనాన్ని చీమలూ పిట్టలూ అంత తొందరగా ముట్టుకోవు. అంతకంటే ముఖ్యం, చిన్న జల్లుకు మొలకెత్తి, తర్వాత పదును (నేలలో తేమ) చాలక చచ్చిపోయే ప్రమాదం తగ్గుతుంది.

నవధాన్యాలు అన్నారని తొమ్మిదే వేయాలని లేదు. కొర్ర, సజ్జ, జొన్న, అలసంద, అనుములు, పెసర, ఉలవ, కంది, ఆముదం, గోంగూర, నువ్వులు, ఇంట్లో ఏ గింజలు మిగిలితే అవి కలుపు. చల్లిన తర్వాత నేల మీద సెనక్కాయ కట్టెనో కందికట్టెనో పరిచి కప్పడం మరవొద్దు. చాలామంది ఈ ఒక్క పనీ వదిలేసి, మొలవలేదని వచ్చి చెప్తారు. కప్పు లేని నేలలో ఈ పద్ధతి పనిచేయదని నేను గట్టిగా చెప్తాను.

ఇక వాతావరణంతో సంబంధం. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది. ఆ వాన మొత్తం కంటే దాని తీరు మనల్ని దెబ్బతీస్తుంది. విత్తనం వేసేదాకా పడి, సెనక్కాయకు కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే సమయానికి ముఖం చాటేస్తుంది. కాయలు పీకి కుప్ప వేసినప్పుడు మళ్ళీ వచ్చి తడిపిపోతుంది. భూమి వేడెక్కేకొద్దీ ఎడతెగని బెట్టలూ, కుంభవృష్టులూ రెండూ పెరుగుతాయని శాస్త్రవేత్తలు చెప్తున్నారు. ఆ రెండింటికీ మన నేల సిద్ధంగా లేదు. ఏడాదిలో ఏడెనిమిది నెలలు పైన ఆకు లేకుండా ఎండుతుంది. మెత్తటి మట్టి గాలికి పోతుంది, పెద్ద వానకు వంకలో కలుస్తుంది, మిగిలింది గరుసు. కణేకల్లు వైపు వెళ్ళి ఇసుక దిబ్బలు చూసొచ్చినవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

నేల మీద పచ్చదనం ఉన్నన్ని రోజులూ వేర్లు గాలిలోని కార్బన్‌ను మట్టిలోకి దించుతాయి. మట్టిలో సేంద్రియ కార్బన్ పెరిగితే పదును నిలుస్తుంది. యూరియా అవసరం తగ్గితే ఇంకో మేలు ఉంది. నత్రజని ఎరువు వేసిన నేల నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్, నూరేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. అంటే చేనికి మేలు చేసే పనే వాతావరణానికీ మేలు చేస్తుంది. మనలాంటి చోట ముందు పట్టుకోవాల్సింది ఇలాంటి పనుల్నే.

ఐదెకరాల్లో ఒక్కసారిగా వద్దు. ఒక ఎకరంలో చెయ్యి. మొదటి ఏడు దిగుబడి పెరుగుతుందని నేను మాట ఇవ్వను, పశువులకు మేత మాత్రం దొరుకుతుంది. మిగతా నాలుగెకరాల్లో సెనక్కాయ వేసినా, ఏడు సాళ్ళకు ఒక సాలు కంది తప్పకుండా పెట్టు. కాయ పోయిన ఏట కంది నిలబెడుతుంది. విత్తనం కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కదిరి లేపాక్షి దొరికితే చూడు, బెట్టను బాగా ఓర్చుకునే రకం. చేను వాలులో ఒక నీటికుంట తవ్వించుకో. ఎకరానికి 10 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 40 వేల లీటర్లు చాలు. ఊడలు దిగే వేళ ఆ ఒక్క తడి పంటను కాపాడిన సందర్భాలు నా ఉద్యోగంలో ఎన్నో చూశాను.

ప్రశ్న: మాది కేసీ (కర్నూలు–కడప) కాలువ ఆయకట్టు. కర్నూలు సోనా వరి వేస్తాం. మడిలో నీళ్ళు ఆరగడితే కార్బన్ డబ్బులు ఇస్తామని ఒకాయన కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటున్నాడు. నమ్మొచ్చా?
– నంద్యాల వైపు రైతు

జవాబు: అన్నా, పద్ధతి మంచిదే. కాగితం సంగతి వేరు. నిలవనీటి మడిలో గాలి సోకని మట్టిలో సూక్ష్మజీవులు భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును తయారు చేస్తాయి. మధ్యమధ్యలో ఆరగడితే అది బాగా తగ్గుతుంది, నీళ్ళూ మిగులుతాయి. దీనికి ఒక అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు ముక్క చాలు. కింది భాగానికి చుట్టూ రంధ్రాలు పెట్టి, జానెడు లోతున మట్టిలో దించి, లోపలి మట్టి తీసెయ్యాలి. పైపులో నీటి మట్టం నేల కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు మళ్ళీ నీళ్ళు పెట్టాలి. నాటిన మొదటి రెండు వారాలూ, పూత దశలోనూ మాత్రం ఆరగట్టొద్దు.

కాగితానికి వస్తే, ఇలా తగ్గిన వాయువును లెక్కగట్టి కంపెనీలకు అమ్మితే వచ్చేదే కార్బన్ డబ్బు. ఒప్పందం తెలుగులో ఉందా, ఎన్నేళ్ళకు కట్టుబడాలి, వచ్చే డబ్బులో మీ వాటా ఎంత, డబ్బు ఎప్పుడు, ఎవరి ఖాతాలో పడుతుంది, ఈ నాలుగూ రాసి లేకపోతే సంతకం చేయొద్దు. పాస్‌బుక్ అసలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. డబ్బు వచ్చినా రాకపోయినా పైపు పద్ధతి చేసుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్, నేను టీచర్‌ని. ఎర్రగుంట్లలో ఇల్లు కడుతున్నాం. ఎండాకాలంలో స్లాబు కింద పడుకోలేమని అందరూ ఏసీ పెట్టమంటున్నారు. ఏసీ లేకుండా ఇల్లు చల్లగా ఉండే దారి ఉందా? సోలార్ పెట్టిస్తే లాభమేనా?

జవాబు: అమ్మా, సిమెంటు ఫ్యాక్టరీల ఊళ్ళో ఉండి అడిగారు కాబట్టి సిమెంటుతోనే మొదలుపెడతాను. సున్నపురాయిని కాల్చినప్పుడు దానిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోలు గాలిలోకి పోతుంది, బొగ్గు పొగ దానికి అదనం. కొలిమిని కరెంటుతో నడిపినా ఈ భాగం తగ్గదు. అందుకే కాల్చిన రాయి తక్కువగా, బూడిద ఎక్కువగా ఉండే పీపీసీ సిమెంటు అడగండి. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం లాంటి చోట్ల వచ్చే బూడిదే ఇలా ఉపయోగపడుతుంది. మేస్త్రీ బూడిద కలపని 53 గ్రేడే కావాలని పట్టుబట్టొచ్చు. గోడలకూ పూతకూ పీపీసీ హాయిగా సరిపోతుంది. స్లాబుకూ వాడొచ్చు, కాకపోతే కనీసం పది రోజులు తడపాలి. కాల్చిన ఇటుకల బదులు బూడిద ఇటుకలు తీసుకోండి.

చల్లదనానికి, మన పాత చౌడు మిద్దెల్లో మందపాటి గోడలూ, పైన మట్టీ ఎండను ఆపేవి. స్లాబు అలా ఆపదు. దాని మీద తెల్లటి ఎండ తిప్పికొట్టే పెయింటు వేయించండి, అంత ఖర్చు వద్దనుకుంటే ఏటా మార్చిలో సున్నం కొట్టించండి. లోపల రెండు మూడు డిగ్రీల తేడా తెలుస్తుంది. పడమటి గోడకు కిటికీలు పెద్దవి పెట్టకండి, ఆ వైపు ఒక వేపో కానుగో నాటండి. ఫ్యాన్లు బీఎల్‌డీసీ రకం కొనండి. పాత ఫ్యాను 75 వాట్లు తింటే ఇది 30 చుట్టూ తింటుంది. ఇంట్లో పెద్దవాళ్ళకో పసివాళ్ళకో తప్పక ఏసీ కావాలంటే పెట్టుకోండి, అందులో తప్పేమీ లేదు. 24 దగ్గర పెట్టి ఫ్యాను తోడు వేయండి.

సోలార్ లాభమే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. 3 కిలోవాట్లకు రోజుకు సగటున 12 యూనిట్ల చుట్టూ వస్తుంది. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, ఏడాదికి మూడు టన్నులు మీ మిద్దె మీదే తగ్గినట్టు. నీళ్ళ ట్యాంకు నీడ పలకల మీద పడకుండా ఇప్పుడే ప్లానులో చూసుకోండి.

ప్రశ్న: పొగ వదిలింది అమెరికా, యూరప్ దేశాలు. మన ఊళ్ళో సోలార్ పలకలు పరిచి, మనం తగ్గించుకోవాలని మనకే ఎందుకు చెప్తారు? 2070 అంటే అప్పటికి ఎవరుంటారు?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: తల్లీ, నీ కోపం న్యాయమైందే. అమెరికాలో మనిషికి ఏడాదికి 14 టన్నుల దగ్గర కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటే, మన దేశంలో రెండు టన్నుల చుట్టూ ఉంది. సీమలో బోరు కూడా లేని రైతుది అందులోనూ చిన్న భాగం. నష్టపోయిన దేశాలకు డబ్బు ఇచ్చే నిధి కావాలని 2022లో ఈజిప్టు సదస్సులో ఒప్పించడానికే ఎన్నో ఏళ్ళు పట్టింది. ఆ పోరాటం ఆగకూడదు.

2070 సంగతి: గాలిలోకి వదిలే వేడి వాయువుల్ని 2070 నాటికి నికరంగా సున్నాకు తెస్తామని మన దేశం 2021లో గ్లాస్గో సదస్సులో మాట ఇచ్చింది. 2070కి నీకు మనవళ్ళు ఉంటారు, వాళ్ళ కోసమైనా ఆ మాట మనకు అక్కర. సోలార్ వద్దని నేను అనలేను. గని, శకునాల దగ్గరి వెయ్యి మెగావాట్ల పార్కు ఇచ్చే కరెంటు బొగ్గు కాల్చకుండా వస్తోంది. నేను అడిగేది వేరే. పార్కు వచ్చిన ఊళ్ళో మేత బీళ్ళు పోయిన గొర్రెల కాపరికి ఏం దక్కింది? భూమి లేని కూలీకి పని దొరికిందా? పలకలు కడగడానికి నీళ్ళు ఎక్కడివి? పెద్ద ప్రాజెక్టు వస్తున్నప్పుడు ఊరు అడగాల్సినవి ఇవీ. నీలాంటి చదువుకున్న పిల్లలు ఆ అడిగే పని చేయాలి.

ఇంకొకటి. 2009 అక్టోబరులో తుంగభద్ర మీ ఊరిని ముంచినప్పుడు మీరు పసిపిల్లలు, ఇంట్లో పెద్దల్ని అడుగు. 2021 నవంబరులో రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. వాన విపరీతమే, కానీ ఒక గేటు పనిచేయని స్థితిలో ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అంటే అలాంటి వానలు మళ్ళీ వస్తాయి. అమెరికా మారేదాకా ఆ గేటు బాగుచేయడం ఆగకూడదు. మనకు న్యాయం అడిగే హక్కూ ఉంది, మన కట్టను మనం చూసుకునే బాధ్యతా ఉంది.

ప్రశ్న: మాది బద్వేలు వైపు పల్లె. చెరువు పూడిపోయింది. పంచాయతీలో కొద్దిగా డబ్బుంది. మొక్కలు నాటి వాతావరణ దినోత్సవం చేద్దామని కొందరు, చెరువు పని చేద్దామని కొందరు. మీ మాట?
– ఒక వార్డు సభ్యుడు

జవాబు: చెరువు పని చేయండి సార్. మీకు దగ్గర్లోనే పోరుమామిళ్ళ చెరువు ఉంది. 1369 నాటి దాని శాసనంలో చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం ఇంకొకటి. రోజుకు వెయ్యిమంది కూలీలు రెండేళ్ళు పనిచేసి కట్టారని కూడా అందులో ఉంది. ఆ ఆరు దోషాల్లో మీ చెరువుకు ఏవేవి ఉన్నాయో ఒకసారి నడిచి చూడండి.

వానలకు ముందే కట్ట మీది ముళ్ళకంప కొట్టించండి, వేర్లు చచ్చి బొరియలు పడకుండా వాటిని పెకలించి మట్టి గట్టిగా దిమ్మిస్తేనే ఆ పని పూర్తయినట్టు. తూము తలుపు తిరుగుతోందో లేదో చూడండి. చెరువులోకి నీళ్ళు తెచ్చే వంకలో ఎవరైనా గట్టు వేసుకుని ఉంటే, ఊళ్ళో పెద్దలు కూర్చుని ఇప్పుడే తేల్చాలి. వంక మూసుకుపోతే పూడిక ఎంత తీసినా లాభం లేదు. తీసిన ఒండ్రు రైతులు సొంత బండ్లతో తోలుకుంటే పంచాయతీకి ఖర్చు తగ్గుతుంది, ఎర్రనేలల్లో పదును నిలుస్తుంది. కట్ట పాదం దగ్గర మాత్రం తవ్వనివ్వకండి. ఎక్కువ నీళ్ళు నిలుస్తాయని మరువ (ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు) మీద ఇసుక మూటలు పేర్చే అలవాటు చాలా ఊళ్ళలో ఉంది. పెద్ద వాన వచ్చిన రాత్రి కట్ట తెగేది దానివల్లే. ఇంజనీరు కాగితం మీద రాసివ్వకుండా మరువ ఎత్తు ఒక్క అంగుళం కూడా పెంచనివ్వకండి.