బోసా నోవాలో జాజ్, రాక్ కలపాలంటే లయ ఎవరి చేతిలో ఉండాలి?

"మా బ్యాండ్ బోసా నోవా వాయిస్తే హోటల్ లాబీలో వినిపించే సంగీతంలా ఉంటోంది. జాజ్, రాక్ కలపాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఒకరు అడిగారు. (బోసా నోవా అంటే సాంబా అనే బ్రెజిల్ నృత్య సంగీతం నుంచి పుట్టిన మెత్తని పాటల శైలి.) నైలాన్ తీగల గిటార్ మీద కొన్నేళ్లుగా ఇదే వాయిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను: ముందు గిటారిస్టు కుడిచేతిని సరిచేసుకోండి.

1958లో రియోలో గాయకుడు, గిటారిస్టు జువావ్ జిల్బెర్తో రికార్డు వచ్చినప్పుడు కొత్తగా వినిపించింది ఆ కుడిచెయ్యే. సాంబాలో సుర్దు అనే పెద్ద డోలు చేసే పని బొటనవేలు చేస్తుంది. టాంబొరిమ్ అనే చిన్న డప్పు విరుపులను మిగతా మూడు వేళ్లు పట్టుకుంటాయి. బొటనవేలు నిలకడగా నడవాలి, వేళ్లు దాని చుట్టూ తప్పుకుంటూ పడాలి. రెండే రెండు కార్డ్స్ మీద, మెట్రోనోమ్ పెట్టుకుని, పాట పాడుతూ సాధన చేయండి. గొంతు తాళానికి ముందూ వెనకా జరిగినా చెయ్యి కదలకూడదు. ఇది కుదరకుండా ఏం కలిపినా నిలబడదు.

జాజ్ గురించి టెన్షన్ వద్దు. బోసా నోవా పాటల స్వరకర్త జోబిం కార్డ్స్‌లోనే అది ఉంది. 1962లో స్టాన్ గెట్జ్, చార్లీ బర్డ్ చేసిన 'జాజ్ సాంబా' ఆల్బమ్ వినండి. గెట్జ్ శాక్సోఫోన్ పాట వరసకు దగ్గరగానే తిరుగుతుంది.

అసలు కష్టం రాక్‌తోనే. నాలుగు లెక్కలో రెండు, నాలుగు మీద స్నేర్ (డ్రమ్ సెట్‌లో చురుగ్గా మోగే డ్రమ్) గట్టిగా పడితే సాంబా ఊపు పోతుంది. మా బ్యాండ్‌లో స్నేర్ అంచు మీద కర్రతో మెల్లగా కొట్టిస్తాం, రాక్‌ను శబ్దంలో తెస్తాం. డిస్టార్షన్ పెట్టిన ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రమ్మింగ్ చేయదు, పొడవైన స్వరాలు మాత్రమే పట్టుకుంటుంది. ఇలా చేశాక నైలాన్ గిటార్ స్పష్టంగా వినిపించసాగింది. వేగంగా కావాలంటే వేరే దారీ ఉంది. 1967లో రాక్ బ్యాండ్ డోర్స్ మొదటి ఆల్బమ్ తొలి పాటలో డ్రమ్మర్ జాన్ డెన్స్‌మోర్ బోసా తాళాన్నే రాక్ వేగంతో వాయించాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1972లో బ్రెజిల్ గాయకులు మిల్టన్ నాసిమెంతో, లో బోర్జెస్ చేసిన 'క్లూబి ద ఎస్కీనా' ఆల్బమ్. అచ్చమైన బోసా కాదు గానీ, బీటిల్స్ ప్రభావం, జాజ్ కార్డ్స్, బ్రెజిల్ పాట అందులో విడదీయలేనంతగా కలిసిపోయాయి. తర్వాత 1975లో జాజ్ శాక్సోఫోన్ కళాకారుడు వెయిన్ షార్టర్‌తో మిల్టన్ చేసిన 'నేటివ్ డాన్సర్' వినండి.

ఇంకొకటి. బేస్ గిటార్ ఉంటే బొటనవేలి దెబ్బ తగ్గించండి. ఇద్దరూ కింది స్వరాల్లో ఒకేసారి గట్టిగా వాయిస్తే శబ్దమంతా ముద్దయిపోతుంది.