మేస్త్రి గారిని అడగండి: కొత్త బాండ్‌సా, గరుకు కోత

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు: మేస్త్రి గారూ, మా నాన్నగారు చేతిరంపంతోనే పనంతా చేసేవారు. నేను ఈమధ్యే, రెండు చక్రాల మీద పట్టీలాంటి బ్లేడు తిరిగే 14 అంగుళాల బాండ్‌సా కొన్నాను. కొట్టువాళ్ళు బిగించి వెళ్ళిపోయారు. దానితో వచ్చిన బ్లేడుతో ఆరంగుళాల మందం పనస చెక్క నిలువునా చీలుస్తుంటే కోత గీత వదిలి పక్కకి పోతోంది, కోసిన ముఖం అంతా అలలు అలలుగా గాట్లు. నున్నగా వస్తుందని బరంపురం నుంచి 14 పళ్ళ బ్లేడు తెప్పించాను. అది ఇంకా ఘోరం, పొగ కూడా వచ్చింది. మెషిన్‌లోనే లోపమా? ఏ బ్లేడు కొనమంటారు?

జవాబు: బాబూ, ముందు ఆ పొగ సంగతి చూద్దాం. 14 పళ్ళంటే అంగుళానికి 14. ఆరంగుళాల చెక్కలో ఒకేసారి 84 పళ్ళు దిగి ఉంటాయి. అంత చిన్న పళ్ళ మధ్య సందు ఎంతుంటుంది చెప్పండి? పొట్టు అందులో కూరుకుపోతుంది, బయటికొచ్చే దారి ఉండదు, దాంతో పళ్ళు కోయడం మానేసి రుద్దడం మొదలుపెడతాయి, బ్లేడు వేడెక్కి ఎటు మెత్తగా ఉంటే అటు పోతుంది. పళ్ళు ఎక్కువైతే కోత నున్నగా వస్తుందన్న మాట పల్చటి చెక్కకే నిజం. మందం చెక్కలో అది తలకిందులవుతుంది.

లెక్క ఏమిటంటే, చెక్క మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఉండాలి, ఆరు నుంచి పన్నెండు ఉంటే హాయి, ఇరవై నాలుగు దాటితే ఇబ్బందే. మీ ఆరంగుళాల పనసకి అంగుళానికి 3 పళ్ళది, నాలుగు నూళ్ళ (అరంగుళం) వెడల్పుది, కొక్కెంలా ముందుకి వంగిన పళ్ళది తీసుకోండి. కొట్లో హుక్ టూత్ అంటే ఇస్తారు. అప్పుడు 18 పళ్ళు పడతాయి, సందులు పెద్దవి కాబట్టి పొట్టు దర్జాగా బయటికొస్తుంది. అదే బ్లేడుతో అరంగుళం పలక కోస్తే మాత్రం ఒక్క పన్నో రెండో తగిలి చెక్కని పీకేస్తాయి. ఒకే బ్లేడు అన్నింటికీ పనికొస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. మామూలు పనికి 4 నుంచి 6 పళ్ళది ఒకటి, చీల్చడానికి 3 పళ్ళది ఒకటి, రెండూ ఉంచుకోండి.

అయితే బ్లేడు మార్చినంత మాత్రాన అలలు పోవు. కొట్టువాళ్ళు బిగించారన్నారు కదా, మళ్ళీ మొదటినుంచి మీరే బిగించండి. ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. బ్లేడు పక్కకి పోకుండా పట్టి ఉంచే, పైనా కిందా ఉన్న గైడ్లన్నీ దానికి దూరంగా వెనక్కి జరపండి. చుట్టగా ఉన్న బ్లేడు విప్పేటప్పుడు స్ప్రింగులా ఎగిరి ముఖానికి కొడుతుంది, గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకోండి. కోసేటప్పుడు మాత్రం గ్లవ్స్ వద్దు. బల్ల దగ్గర పళ్ళు మీవైపుకి, కిందికి చూస్తూ ఉండాలి. పైకి చూస్తుంటే బ్లేడుని లోపలివైపు బయటికి తిప్పేసి ఎక్కించాలి.

కాస్త టెన్షన్ (బ్లేడుకి బిగువు) ఇచ్చి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ వెనకున్న నాబ్‌తో చక్రం వాలుని సరిచేయండి. బ్లేడు చక్రం మధ్యలో కుదురుగా పరుగెత్తేదాకా కరెంటు ఊసే ఎత్తొద్దు. తర్వాత అసలు టెన్షన్. మెషిన్ మీద స్కేలు ఉంటుంది, దాన్ని నేను పెద్దగా పట్టించుకోను, స్ప్రింగు పాతబడితే అదీ అబద్ధమే చెబుతుంది. పై గైడుని బల్లకి ఆరంగుళాల ఎత్తున పెట్టి బ్లేడు పక్కని వేలితో గట్టిగా నొక్కండి. సుమారు పావంగుళం, అంటే రెండు నూళ్ళు, వంగి ఆగితే సరిపోయినట్టే. సులువుగా ఇంకా వంగుతుంటే వదులు. మీ చెక్క మధ్యలో కోత ఉబ్బెత్తుగా పీపాలా వస్తోందంటే దానికి చాలావరకు ఈ వదులే కారణం.

ఇప్పుడు మూలమట్టం పెట్టి బల్లని బ్లేడుకి 90 డిగ్రీలకి సరిచేయండి. ఆ తర్వాతే గైడ్లు. పక్క గైడ్లకీ బ్లేడుకీ మధ్య కాగితం మందం సందు చాలు, ఒక నోటు మడతపెట్టకుండా దూర్చి బిగించి, తీసేయండి. ఆ గైడ్లు పళ్ళ సందుల అడుగుకి కాస్త వెనక ఆగాలి, పళ్ళని తాకాయంటే బ్లేడు పదును అక్కడే పోతుంది. వెనక బేరింగు కోత లేనప్పుడు తిరగకూడదు, అర మిల్లీమీటరు ఎడం ఉంచండి, చెక్క తోసినప్పుడు మాత్రమే బ్లేడు దానికి ఆనాలి. కోసేముందు పై గైడుని చెక్కకి అంగుళంలో సగం ఎత్తుకి దించండి. ఇది చాలామంది చేయరు, పైనే వదిలేసి కోస్తారు, బ్లేడు ఊగిపోతుంటే మెషిన్ని తిడతారు.

ఇంత చేసినా గీత పక్కకి పోతుంటే అది బ్లేడు వాలు, అంటే బ్లేడు ఒకవైపుకే లాగే గుణం. ఒక పనికిరాని పలక మీద అంచుకి సమానంగా గీత గీసి, ఫెన్స్ (చెక్కని ఆనించి తోసే పట్టీ) లేకుండా చేత్తోనే ఆ గీత వెంబడే సగందాకా కోసి ఆపండి. పలక ఎంత కోణంలో నిలబడిందో ఫెన్స్‌ని ఆ కోణానికే తిప్పి బిగించండి. కొత్త బ్లేడు పెట్టినప్పుడల్లా చూసుకోవాలి.

బ్లేడు మందం కూడా అడిగి కొనండి. చక్రం వ్యాసంలో వెయ్యో వంతు మించకపోతే మంచిది, మీ 14 అంగుళాలకి 0.014 అంగుళం. అంతకంటే మందమైతే చిన్న చక్రం మీద వంగి వంగి విరిగిపోతుంది. కార్బన్ స్టీలు చవక, పనసకీ వేపకీ చాలు. టేకు ఎక్కువ కోసేట్టయితే బైమెటల్ (రెండు లోహాలు కలిపి చేసినది) తీసుకోండి, టేకులో సిలికా ఉంటుంది, అది మామూలు పళ్ళని ఊరికే మొద్దుబరుస్తుంది. కాయిల్లోంచి కోసి అతికించిన బ్లేడైతే అతుకు దగ్గర వేలు పెట్టి చూడండి, ఉబ్బెత్తుగా ఉంటే చుట్టు తిరిగినప్పుడల్లా టక్‌మని కొడుతుంది, ప్రతి టక్‌కీ చెక్క మీద ఒక గాటు. సానరాయితో సాపు చేసుకోండి.

చెక్కని నిదానంగా తోయండి, మధ్యలో ఆపకండి. అయినా బాండ్‌సా ముఖం చిత్రిక పట్టినట్టు రాదు, అర నూలు ఎక్కువ ఉంచి కోసి చిత్రిక పట్టాల్సిందే. రాత్రి పని అయ్యాక టెన్షన్ వదిలేయండి, చక్రాల రబ్బరు మన్నుతుంది. వానాకాలంలో బ్లేడు తుడిచి కాస్త మైనం రాయండి, లేకపోతే తెల్లారేసరికి తుప్పు.

గుణుపురం నుంచి ఒక పాఠకురాలు: అరంగుళం పలకల మీద ఏనుగు, నెమలి బొమ్మలు కోస్తాను. వంపు తిరిగేచోట బ్లేడు పట్టేసి విరిగిపోతోంది.

జవాబు: అమ్మా, మీరు వాడేది బహుశా నాలుగు నూళ్ళ వెడల్పు బ్లేడై ఉంటుంది. అది రెండున్నర అంగుళాల వ్యాసార్థం కంటే బిగువుగా తిరగదు. రెండు నూళ్ళదైతే ఐదు నూళ్ళ వ్యాసార్థం దాకా వెళ్తుంది, ఒక నూలుది నూలున్నర దాకా. బ్లేడు వెనక అంచుల్ని సానరాయితో గుండ్రం చేస్తే వంపులో తేలిగ్గా తిరుగుతుంది. ఏనుగు తొండం మలుపు దగ్గర బయటినుంచి గీతదాకా అడ్డంగా రెండు మూడు చిన్న కోతలు పెట్టండి, ముక్కలు రాలిపోయి బ్లేడుకి చోటు దొరుకుతుంది. మీకు 10 నుంచి 14 పళ్ళది సరైనది, పల్చటి పలకలో అదే నున్నగా కోస్తుంది. పై ఉత్తరం రాసిన బాబు దగ్గర మూల పడి ఉండేది ఆ రకమే, పొడవూ వెడల్పూ సరిపోతే అడిగి తీసుకోండి.

రాయగడ నుంచి ఒక పాఠకుడు: ఇంటి వెనక షెడ్డులో బాండ్‌సా పెట్టాలనుకుంటున్నాను. బొబ్బిలిలో ఉన్న మా బావ అనుమతేమీ అక్కర్లేదంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ బావ ఉన్నది ఆంధ్రలో, మీరున్నది ఒడిశాలో. ఒడిశాలో సామిల్లుల మీద 1991లో చేసిన నియంత్రణ చట్టం ఉంది, రిజర్వు అడవి దగ్గరైతే ఇంకా కఠినం. మెషిన్ చిన్నదా పెద్దదా అని మీరు తేల్చుకునేది కాదు. మెషిన్ కొనకముందే డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసులో మెషిన్ సైజు, వాడే కలప వివరాలతో దరఖాస్తు పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. అడితి నుంచి తెచ్చిన కలప బిల్లులు షెడ్డులోనే ఒక ఫైల్లో ఉంచుకోండి.