డాలస్ స్టార్స్ ఆటకు ఇంటిల్లిపాదీ బయలుదేరుతున్న మేనల్లుడికి

ఇర్వింగ్, టెక్సస్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అక్కయ్య, బావగారు గుంటూరు నుంచి వచ్చి మీ ఇంట్లో ఉండగానే డాలస్ స్టార్స్ జట్టు ఆడే ఐస్ హాకీ ఆట ఒకటి వాళ్లకు చూపించాలనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. టిక్కెట్లు ఏ రోజుకు కొంటే చౌక అనీ, ఫ్రిస్కో నుంచి ఎన్నింటికి బయలుదేరాలనీ అడిగావు. రెండింటికీ జవాబు రాస్తాను గాని, నువ్వు అడగని మూడో ప్రశ్న ఒకటుంది, అసలు ముందుగా తేల్చుకోవలసింది అదే: ఎక్కడ కూర్చోవాలి?

ఈ విషయంలో నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. స్టార్స్ ఆడే అరీనా అయిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌ను 2001లో తెరిచారు. ఆ మొదటి శీతాకాలంలోనే, ఎంత దూరమైతే అంత మేలన్న మన సినిమాహాలు లెక్కకు పూర్తిగా వ్యతిరేకమైన లెక్కతో, అంటే వెనక సీటు కాదు, ముందు సీటే గొప్పదన్న నమ్మకంతో, అద్దానికి ఆనుకుని ఉన్న వరసలో రెండు టిక్కెట్లు కొన్నాను. ఆటగాళ్లు అద్దానికి గుద్దుకున్నప్పుడల్లా మీ అత్తయ్య ఉలిక్కిపడింది. ఈ ఆటలో బంతికి బదులు వాడే పక్ అనే బిళ్ల మాత్రం ఇద్దరికీ కనిపించలేదు. మాకు దగ్గరగా ఉన్న మూలలో ఆట జరిగినప్పుడు వాళ్ల వీపులు చూశాం, దూరంగా జరిగినప్పుడు తల పైకెత్తి పెద్ద తెర చూశాం. ఆ తెర చూడటానికి ఇంట్లో టీవీ సరిపోయేది.

అందువల్ల మొదటిసారి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పైకి వెళ్లి కూర్చోండి. ఆ అరీనాలో 300 అంకెతో మొదలయ్యే సెక్షన్లు అన్నిటికన్నా పైన ఉంటాయి, ధరలు కూడా సాధారణంగా తక్కువే. వాటిలో ముందు వరసలు దొరికితే వదులుకోవద్దు. ఆట జరిగే మంచు నేల, అంటే రింక్, పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. అంత నేలను ఒక్క చూపులో పట్టుకోవాలంటే ఎత్తు కావాలి. పక్ మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ల, ఎగిరి పడకుండా ఉండటానికి ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు, గట్టిగా కొడితే గంటకు 150 కిలోమీటర్లు దాటి పోతుంది. క్రికెట్ చూసి చూసి బంతి వెంట పరుగెత్తడానికి అలవాటుపడిన మన కళ్లు దాన్ని వెంటాడి పది నిమిషాలలో అలసిపోతాయి. పై నుంచి చూసేటప్పుడు పక్‌ను వదిలేసి మనుషులను చూడమని బావగారికి చెప్పు. గోల్ కాసే గోలీ కాక మిగిలిన అయిదుగురు ఎలా విచ్చుకుంటున్నారు, ఖాళీ ఎక్కడ ఏర్పడుతోంది, ఎవరి వైపు ఎవరూ లేరు అన్నది గమనిస్తే పక్ ఎక్కడికి రాబోతోందో ముందే తెలుస్తుంది. ఆయన కుర్రతనంలో కబడ్డీ ఆడిన మనిషి. కూత పెట్టినవాణ్ణి మాత్రమే చూస్తే కబడ్డీ అర్థం కాదని ఆయనకు నువ్వూ నేనూ చెప్పనక్కర్లేదు.

ఎత్తు కుదిరాక చివర సంగతి చూసుకో. ఆట ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు, ప్రతి భాగానికీ జట్లు వైపులు మారుతాయి. కాబట్టి స్టార్స్ మొదటి, మూడో భాగాలలో దాడి చేసే గోల్ వైపు కూర్చుంటే మనవాళ్ల గోల్స్ దగ్గరగా చూసే అవకాశం రెండు భాగాలలో దక్కుతుంది. టిక్కెట్లు కొనే ముందు ఏ చివర అన్నది ఆ మధ్య జరిగిన ఏదో ఒక ఆట వీడియోలో చూసుకుంటే తేలిపోతుంది. రోజు విషయానికి వస్తే, శనివారం ఆట కన్నా మంగళవారమో గురువారమో జరిగే ఆటకు, అందులోనూ పేరుమోసిన ప్రత్యర్థి కాని జట్టుతో ఆటకు, తక్కువ పడుతుంది. మీ పాపకు మర్నాడు బడి ఉంటే మాత్రం ఆ ఆదాకు ఆశపడవద్దు. ఏడింటికి మొదలైన ఆట తొమ్మిదిన్నరకు గాని ముగియదు.

ఫ్రిస్కో నుంచి కారు వేసుకుని నేరుగా అరీనా ఉన్న విక్టరీ పార్కు దాకా రావద్దని నా సలహా. అక్కడ పార్కింగుకు ఇచ్చే డబ్బు ఒక ఎత్తు, ఆట అయ్యాక వేల మందితో పాటు ఒకేసారి బయటపడటం ఇంకొక ఎత్తు. మీ ఊళ్లో డార్ట్ అనే డాలస్ నగర రైలు లేదు కాబట్టి కారోల్టన్ దాకా వచ్చి, ట్రినిటీ మిల్స్ స్టేషన్ దగ్గర కారు పెట్టి గ్రీన్ లైన్ ఎక్కితే విక్టరీ స్టేషన్‌లో దిగగానే అరీనా ఎదురుగా ఉంటుంది. నేను ఇర్వింగ్ నుంచి ఆరెంజ్ లైన్‌లో అక్కడికే వస్తాను. తిరుగు రైలు వేళలు మాత్రం బయలుదేరే ముందే చూసుకో, రాత్రి పొద్దుపోయాక బళ్లు పలచబడతాయి. అరీనాలోకి ఎంత సంచి రానిస్తారన్న నిబంధన కూడా అప్పుడే చూసుకో. అక్కయ్య మందుల డబ్బా, పులిహోర డబ్బా, మరచెంబు వేసుకుని బయలుదేరే పెద్ద సంచీని గుమ్మం దగ్గర వెనక్కి పంపితే ఆమె మనసు కష్టపడుతుంది. బయటి తిండి ఎలాగూ లోపలికి రానివ్వరు. మాంసం ముట్టనివాళ్లకు లోపల పిజ్జా, నాచోలు, వేపుడు బంగాళాదుంపలు తప్ప పెద్దగా ఏమీ ఉండదు, ధరలు చూస్తే ఆకలి చచ్చిపోతుంది. ఇంట్లో అన్నం తినే రండి.

చలి గురించి అందరూ ఎక్కువ చెబుతారు. పై వరసలలో గడ్డకట్టిపోయేంత ఏమీ ఉండదు. అక్కయ్యకు స్వెటరు, శాలువా, కాళ్లకు మేజోళ్లు ఉంటే చాలు. నన్నడిగితే చలి కన్నా చప్పుడే ఎక్కువ బాధ. స్టార్స్ గోల్ కొట్టగానే మోగే హారన్‌కు పాప బెదిరిపోవచ్చు, చెవులు మూసే హెడ్‌ఫోన్లు తెచ్చిపెట్టు.

ఆటకు గంట ముందే లోపలికి చేరుకోండి. సుమారు అరగంట ముందు రెండు జట్లూ మంచు మీదికి వచ్చి పదహారు నిమిషాలు సాధన చేస్తాయి, ఆ కాసేపు పిల్లలను కింద అద్దం దాకా తీసుకువెళ్లనిస్తారు. నేను పైన కూర్చోమన్నది ఆటకే గాని, ఈ సాధన కింద నిలబడి చూడవలసిందే. పాప చేతిలో ఆకుపచ్చ రంగుతో రాసిన కాగితం ఒకటి పెట్టు, అదృష్టం బాగుంటే ఆటగాడెవరైనా ఒక పక్‌ను అద్దం మీదుగా ఇవతలికి వేయవచ్చు. ఆ పక్ ఏ పిల్లకు ఉద్దేశించారో ఆ పిల్లకే చేరాలి. మధ్యలో చేతులు చాచే పెద్దమనుషులను ఏటా చూస్తూనే ఉన్నాను. రెండు చివర్లా గోల్ వెనక వల కట్టి ఉంటుంది. 2002లో కొలంబస్‌లో ఆట చూడటానికి వచ్చిన ఒక బాలిక ప్రేక్షకులలోకి ఎగిరిన పక్ తగిలి మరణించిన తరువాత అన్ని అరీనాలలోనూ ఆ వల పెట్టారు. పక్కల వైపు వల ఉండదు కాబట్టి కింద ఉన్నంతసేపూ ఫోను జేబులో, కళ్లు మంచు మీద ఉండాలి.

రైలులో పెద్దవాళ్లకు చెప్పదగిన నియమాలు మూడు చాలు. దాడి చేసే జట్టులో ఎవరూ పక్ కన్నా ముందు నీలి గీత దాటకూడదు. తప్పు చేసినవాడు సాధారణంగా రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చుంటాడు, అంతసేపూ అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఎదుటి జట్టుకు దక్కే ఈ అవకాశాన్ని పవర్ ప్లే అంటారు, కబడ్డీలో మనిషి అవుటై కోర్టు పలచబడినట్లన్న మాట. ఆటగాళ్లు ముప్పావు నిమిషానికి ఒకసారి, ఆట ఆగకుండానే, తమ జట్టు బెంచీ దగ్గరికి పోయి మారుతుంటారు, అది అలసట వల్లనే గాని దెబ్బ తగిలి కాదు. ఈ చివరిది చెప్పకపోతే అక్కయ్య ఆట పొడుగునా, పాపం ఏమైందో అని అడుగుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు చేతొడుగులు విసిరేసి ఇద్దరు కొట్టుకోవడం కూడా ఉంటుంది, దానికి అయిదు నిమిషాల శిక్ష. పాపకు ముందే చెప్పి ఉంచు.

ఆట నడుస్తుండగా మెట్ల మీద తిరగకూడదన్నది అక్కడి మర్యాద. ఈల మోగేదాకా ఆగి, ఆట ఆగినప్పుడే లేవాలి. పాపను బాత్రూముకు తీసుకువెళ్లడం భాగం ముగిసేదాకా వాయిదా వేయకుండా, అందులో రెండు మూడు నిమిషాలుండగా ఈల పడ్డప్పుడు లేవండి, ఆ తరువాత వరసలు గుడి క్యూలను మరిపిస్తాయి. పైగా విరామంలో మంచును నున్నచేసే జాంబోనీ బండ్లను పిల్లలు తప్పక చూడాలి. అవి పై పొరను గీకి, దాని మీద వేడినీళ్లు పరుస్తూ పోతాయి. వేడినీళ్లు ఎందుకని అడుగుతుంది పాప. గీతలలోకి దిగి, కింది మంచును కాస్త కరిగించి, దానితో అతుక్కుని గడ్డకట్టడానికని చెప్పు. డాలస్ మావెరిక్స్ బాస్కెట్‌బాల్ ఆడే రోజులలోనూ ఆ మంచు అక్కడే ఉంటుంది, దాని మీద పలకలు పరిచి ఆడతారని బావగారికి చెబితే నమ్మరు.

జాతీయగీతంలో నక్షత్రాల మాట వచ్చిన రెండు చోట్లా అరీనా అంతా ఒక్క గొంతుతో స్టార్స్ అని అరుస్తుంది. గీతం నడుమ అరుపేమిటని బావగారు నొచ్చుకోవచ్చు. నాకూ ఇన్నేళ్లయినా అది పూర్తిగా రుచించలేదు, అందుకే ఊరికే నిలబడతాను. అయితే అందులో అగౌరవం లేదని, అది ఇక్కడివాళ్ల అలవాటని మాత్రం చెప్పగలను.

ఒక పొరపాటు మాత్రం చేయవద్దు. రద్దీకి ముందే బయటపడదామని చివరి పది నిమిషాలలో లేచిపోయే తెలుగు కుటుంబాలు ప్రతి ఆటలోనూ కనిపిస్తాయి. 2025 మే 3న ఇదే అరీనాలో కొలరాడోతో నాకౌట్ సిరీస్‌లో చివరిదైన ఏడో ఆట, ఓడినవాళ్లు ఇంటికే. మూడో భాగంలో స్టార్స్ 0-2తో వెనకబడి ఉన్నారు. అదే ఏడాది జనవరి దాకా కొలరాడో జట్టులోనే ఉన్న మికో రాంటనెన్ ఆ ఒక్క భాగంలోనే మూడు గోల్స్ కొట్టాడు, స్టార్స్ 4-2తో నెగ్గింది. అతను తన మూడో గోల్ కొట్టింది ఖాళీ గోల్‌లోకి. ఓడిపోతున్న జట్టు చివరి నిమిషాలలో గోలీని తీసేసి ఆరో ఆటగాణ్ణి దింపుతుంది, ఆ జూదం చూడకుండా వెళ్లేవాళ్లు ఆటలో అన్నిటికన్నా రుచికరమైన ముక్కను విస్తరిలో వదిలి లేచినట్టే. హ్యాట్రిక్ మాట క్రికెట్‌లో పుట్టిందే అయినా ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొట్టినప్పుడు ప్రేక్షకులు టోపీలు నిజంగా మంచు మీదికి విసిరేది ఇక్కడే. విసిరిన టోపీ తిరిగి వస్తుందనుకోవద్దు, పాపకు ఇష్టమైన టోపీ ఇంట్లోనే ఉంచండి.

ఎండలు కాచే టెక్సస్‌కు మంచు ఆట ఎందుకు వచ్చిందని బావగారు తప్పక అడుగుతారు. ఈ జట్టు 1967లో మినెసోటాలో మొదలై, 1993లో డాలస్‌కు వచ్చింది. 1999లో బఫలో మీద, ఆరో ఆట మూడో అదనపు భాగంలో బ్రెట్ హల్ కొట్టిన గోల్‌తో ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద బహుమతి అయిన స్టాన్లీ కప్ గెలిచింది. అతని కాలు గోల్ ముందు గోలీ కోసం గీసిన గడిలో ఉండగా కొట్టిన ఆ గోల్ చెల్లుతుందా లేదా అన్న వాదన బఫలోలో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఆ తరువాత చుట్టుపక్కల ఊళ్లలో రింకులు వెలిశాయి. 2020లో ఫైనల్‌లో స్టార్స్‌ను ఓడించిన టాంపా జట్టులో బ్లేక్ కోల్మన్ అనే ప్లేనో కుర్రవాడు ఉన్నాడు. ఇక్కడ పుట్టినవాడు ఇక్కడి జట్టునే ఓడించడం నాకు ఆనాడు కోపం తెప్పించినా, ఇప్పుడు తలచుకుంటే ముచ్చటగానే ఉంటుంది.

టిక్కెట్లు కొన్నాక సెక్షన్, వరస నంబర్లు నాకు పంపించు, మా ఇద్దరికీ ఆ పక్కనే తీసుకుంటాను. ఆ రోజు అయిదున్నరకల్లా విక్టరీ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, అరీనా వైపు దిగే చోట నిలబడి ఉంటాం. అక్కయ్య మోకాళ్లకు పై వరస మెట్లు కష్టమైతే ముందే చెప్పు, లిఫ్టుకు దగ్గరగా ఉండే సెక్షన్ ఏదో అరీనావాళ్లకు ఫోను చేసి కనుక్కుంటాను.

మీ మామయ్య