సిరొంచ తాలూకా మహారాష్ట్రలోకి ఎలా వెళ్లింది?

‘వెళ్లింది’ అని అడిగారు కానీ, మేం ఎక్కడికీ వెళ్లలేదండి. ఉన్నచోటే ఉన్నాం. జిల్లా కేంద్రమే మా దగ్గర్నుంచి లేచిపోయింది.

1860లో నిజాం గోదావరి, ప్రాణహితల ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిష్‌వాళ్లకు ఇచ్చేశాక ‘అప్పర్ గోదావరి’ అని ఒక జిల్లా పెట్టారు. దానికి సిరొంచే కేంద్రం. భద్రాచలం, రేకపల్లి మా కిందే ఉండేవి, నమ్ముతారా? గోదావరి మీద పడవల్లో నాగపూర్ వైపు పత్తిని సముద్రం దాకా దించాలని కాటన్ దొర పట్టుబట్టాడు. నదిలో మూడుచోట్ల రాతి అడ్డాలు. డబ్బు పోసి పోసి 1871లో ఆపేశారు. మూడేళ్లకు జిల్లానే ఎత్తేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసుకు పోయాయి, మేం చాందా జిల్లాలో, అంటే ఇప్పటి మహారాష్ట్ర చంద్రాపూర్‌లో, ఒక తహసీలుగా మిగిలాం. తర్వాత నూగూరు, ఆల్బాక, చర్ల కూడా మద్రాసుకే. ఆ పడవలు నడిచి ఉంటే సిరొంచ ఇవాళ రాజమండ్రంత ఊరయ్యేది, ఎవరేమన్నా సరే.

1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా వచ్చింది. జిల్లా కేంద్రం దగ్గరవుతుందని సంబరపడ్డారట. ఆ దగ్గర రెండొందల కిలోమీటర్ల పైనే.

నా పదో తరగతప్పుడు ఆ దూరం తెలిసొచ్చింది. స్కూలు రిజిస్టర్లో మా ఇంటిపేరుకు ‘వార్’ అతికించారు. ఇక్కడ చాలామంది తెలుగువాళ్లకు అతికింది. బాపు (నాన్న) సాత్‌బారాలో, అంటే భూమి పత్రంలో, మాత్రం లేదు. రెండూ ఒకటేనని కాయితం కావాలన్నారు. తెల్లారకముందే ఎస్టీ బస్సు (మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు) ఎక్కి, ఆలాపల్లి అడవి దాటి, ఒళ్లు హూనమై గడ్చిరోలి చేరేసరికి సాయంత్రం. సారు లేడు, రేపు రమ్మన్నారు. బస్టాండ్‌లో అమ్మ కట్టిన సద్ది తిని, బాపు తువ్వాలు పరుచుకుని పడుకున్నాం. మర్నాడు పొద్దంతా నిలబడితే కాయితం చేతికొచ్చింది. ‘వార్’ సరిగ్గానే ఉంది. బాపు పేరు చివరి ‘అయ్య’ పోయి ఉత్త ‘యా’ మిగిలింది.

“దిద్దిద్దామా?” అన్నాను.

“మళ్లెవడొస్తడురా ఇంత దూరం” అన్నాడు బాపు.

ఇంతా చేసి, ఇప్పుడు వంతెన దాటి కాళేశ్వరం వెళితే “మహారాష్ట్రవాళ్లా? తెలుగు బాగా నేర్చుకున్నారే!” అంటారు. ఒళ్లు మండుతుంది.

ఆ ‘యా’ ఇప్పుడు నా కొడుకు స్కూలు కాయితాల్లోనూ ఉంది, తాత పేరు దగ్గర.