పందాలా, పందేలా? పణమా, ఫణమా?

సందేహం: సంక్రాంతి వస్తే మా భీమవరం వైపు ఫ్లెక్సీల మీద ‘కోడి పందాలు’ అనీ, ‘కోడి పందేలు’ అనీ రెండు రకాలుగా రాస్తున్నారు. ఏది సరైనది? పందెం అంటే పోటీయేనా? ‘ప్రాణాలు ఫణంగా పెట్టి’ అనడంలోని మాటకూ దీనికీ సంబంధం ఉందా?

సమాధానం: ‘పందేలు’ సరైన రూపం. మాట పందెము. బహువచనంలో చివరి ‘ము’ పోయి, దాని ముందున్న అచ్చు దీర్ఘమవుతుంది. ఇక్కడ ఆ అచ్చు ‘ఎ’ కనుక ‘ఏ’ అవుతుంది. పళ్ళెం - పళ్ళేలు, కళ్ళెం - కళ్ళేలు, గొళ్ళెం - గొళ్ళేలు ఇలా వచ్చినవే. అందం - అందాలు, గ్రంథం - గ్రంథాలు నోట్లో నానడం వల్ల ఆ దారిలోనే ‘పందాలు’ వచ్చింది. పళ్ళేలను ‘పళ్ళాలు’ అనని వాళ్ళు పందేలను మాత్రం ఎందుకు మార్చాలి? ‘పందానికి దింపారు’ కూడా పొరపాటే, ‘పందేనికి’ అనాలి.

అర్థానికి వస్తే, పందెంలో ముఖ్యమైనది ఒడ్డిన సొమ్ము. బరి పక్కన ‘ఎంత పందెం?’ అని అడిగితే సొమ్ము ఎంతని. ‘మొదటి పందెం అయిపోయింది’ అంటే అదే మాటకు ఆట అని అర్థం. సొమ్ము పేరు ఆటకు పాకింది. అందుకే చిల్లిగవ్వ ఒడ్డకపోయినా బడిలో పరుగు పందెం పరుగు పందెమే. కన్నడంలో ‘పంద్య’, తమిళంలో ‘పందయం’ దీనికి తోబుట్టువులు. కన్నడ పత్రికల్లో క్రికెట్ మ్యాచ్ కూడా ‘పంద్య’యే.

పోటీకి ఎదుటివాడు ఉంటే చాలు, సొమ్ము అక్కర్లేదు. ఆత్రేయపురం కాలువలో పడవలు పరుగెడితే పడవ పోటీలన్నా, పడవ పందేలన్నా చెల్లుతుంది. కోళ్ళ దగ్గర మాత్రం ‘కోడి పోటీలు’ అని గోదావరి జిల్లాల్లో ఎవరూ అనరు. చుట్టూ నిలబడి పైపందేలు కాసేవాళ్ళు ఉన్నంతకాలం అది పందెమే.

ఇక మూడోది. ‘ఫణంగా’ తప్పు, ‘పణంగా’ అనాలి. ఫణం అంటే పాము పడగ. పణం సంస్కృత పదం, జూదంలో ఒడ్డేది అని అర్థం. ‘పణ్’ ధాతువుకు బేరమాడటం, పందెం ఒడ్డటం రెండూ అర్థాలే. విపణి, ఆపణం, పణ్యం అనే అంగడి మాటలు బేరం వైపు నుంచి వచ్చినవి. పణం, పందెం అర్థంలో దగ్గరివి కనుక ‘ప్రాణాలు పందెంగా పెట్టి’ అన్నా భావం చెడదు.

దీనికి మన క్రియ ‘ఒడ్డు’. ధర్మరాజు ద్రౌపదిని ఒడ్డాడు. ఎన్నికల వార్తల్లో ‘సర్వశక్తులూ ఒడ్డారు’ అని చదువుతుంటామే, ఆ మాటా జూదపు పలక మీద నుంచి వచ్చిందే.